రొమ్ము క్యాన్సర్ వార్తలు రాసేవారికి, చూపించేవారికి శ్రీకాకుళం జిల్లా నుంచి బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల సంపాదకులకు, వార్తా ఛానళ్ల ఎడిటర్లకు, ఆరోగ్యం పేరుతో యూట్యూబ్ ఛానళ్లు నడుపుతున్నవారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్సలో ఉన్నాను. ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు పెట్టడం (రేడియేషన్) కూడా అయింది. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటూ బడికి వెళ్తున్నాను. ఈ జబ్బు మీద ఒక ఛానల్ వేసిన కార్యక్రమం గురించీ, ఒక పత్రిక అచ్చేసిన కథనం గురించీ ఆ రెండు చోట్లకూ అభ్యంతరం రాసి పంపాను. ఛానల్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. పత్రిక ఆఫీసులో ఒకాయన ఫోన్లో "చూస్తాం మేడమ్" అన్నారు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఆ ఇద్దరూ సరిచేసుకుంటే తీరిపోయే సమస్య కాదు గనుక అందరికీ కలిపి రాస్తున్నాను.

మీరు రాయబట్టే చాలామంది ఆడవాళ్లకు ఈ జబ్బు పేరైనా తెలిసింది. రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసమని అక్టోబరు నెలలో మీరు వేసే వ్యాసాలు చదివి పరీక్షకు వెళ్లినవాళ్లు మా స్కూల్లోనే ఉన్నారు. చావుల గురించి రాయొద్దని నేను అనను. ఈ జబ్బుతో మనుషులు చనిపోతున్నారు, ఆ సంగతి మాకు మీకన్నా బాగా తెలుసు. ఆ వార్తను ఎలా రాస్తున్నారన్నదే నా పేచీ.

ముందు లెక్కల సంగతి.

"దేశంలో ప్రతి అయిదు నిమిషాలకు ఒక మహిళ రొమ్ము క్యాన్సర్‌కి బలి" అని టీవీ తెర కింద ఎర్ర అక్షరాలు పరుగెడుతుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అంచనా ప్రకారం 2022లో మన దేశంలో ఈ జబ్బుతో చనిపోయినవారు సుమారు 98 వేలు. ఏడాదిలో 5,25,600 నిమిషాలు. భాగించి చూడండి, అయిదు పైచిలుకు వస్తుంది. లెక్క తప్పు కాదు. కానీ దీనివల్ల నాకు తెలిసిందేమిటి? నూట నలభై కోట్ల మంది ఉన్న దేశంలో ఏ జబ్బునైనా నిమిషాల్లోకి మారిస్తే భయంకరంగానే కనబడుతుంది. నాలాంటి మనిషి బతికే అవకాశం ఎంత అన్నది మాత్రం ఆ అంకె చెప్పదు. అప్పుడే రిపోర్టు తీసుకుని ఇంటికొచ్చిన మనిషి గోడ గడియారం చూస్తూ కూర్చోవడం తప్ప దానితో ఏమీ చేయలేదు.

ఇంకొక లెక్క ఇంతకంటే చెడ్డది. అదే అంచనాల్లో 2022లో కొత్తగా బయటపడిన కేసులు సుమారు 1,92,000. 98 వేలను దీంతో భాగించి "ఈ జబ్బు వచ్చిన ప్రతి ఇద్దరిలో ఒకరు చనిపోతారు" అని రాసేస్తారు. ఇది నా తొమ్మిదో తరగతి పిల్లలు రాస్తే మార్కులు వేయను. ఆ ఏడాది చనిపోయినవారిలో చాలామందికి జబ్బు అంతకు ముందెప్పుడో బయటపడింది. ఆ ఏడాది బయటపడినవాళ్లలో ఎక్కువమంది మందులు వాడుతూ బతికే ఉన్నారు. అది ఒక గుంపు, ఇది ఇంకో గుంపు. ఒకదాన్ని ఇంకోదానితో భాగించి ఒక మనిషి జాతకం చెప్పకూడదు.

మనిషికి పనికొచ్చే అంకె లేకపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు క్యాన్సర్ కేసులను నమోదు చేసే రిజిస్ట్రీలు దేశంలో 11 తీసుకుని, 2012 నుంచి 2015 మధ్య రొమ్ము క్యాన్సర్ బయటపడిన స్త్రీల వివరాలు చూశారు. అయిదేళ్ల మనుగడ, అంటే జబ్బు బయటపడ్డాక అయిదేళ్లకు కూడా బతికి ఉన్నవారు, 66.4 శాతం. జబ్బు రొమ్ములోనే ఉండగా పట్టుకున్నవారిలో 81 శాతం, చంకలోని గ్రంథుల దాకా లేదా చుట్టుపక్కలకు వెళ్లాక అయితే 65.5 శాతం, దూరంగా వేరే అవయవాలకు పాకాక అయితే 18.3 శాతం. చివరి అంకె చదవడం నాకూ కష్టమే. అయినా ఈ అంకెలు నాలుగూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చదివినావిడ లేచి ఆసుపత్రికి వెళ్తుంది. "సగం మంది చనిపోతారు" అన్న ఒక్క మాట చెబితే పడుకుని ఏడుస్తుంది. పైగా ఇవి పదేళ్ల కిందట జబ్బు బయటపడినవారి వివరాలు. ఈలోగా మందులు పెరిగాయి, కొన్నిటి ధరలు తగ్గాయి.

"ఫలానాది తింటే క్యాన్సర్ ముప్పు 20 శాతం ఎక్కువ" అన్న రకం మరొకటి. వందమందిలో అయిదుగురికి వచ్చే జబ్బు 20 శాతం పెరిగితే ఆరుగురికి వస్తుంది. మీ హెడ్డింగ్ చూసినవాళ్లకు మాత్రం ఇరవైమందికి వస్తుందన్నట్టు అనిపిస్తుంది. 2023 జూలైలో అస్పార్టేమ్ అనే తీపి పదార్థాన్ని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న జాబితాలో చేర్చినప్పుడు ఎంత గోల చేశారో గుర్తుందా? ఒక పదార్థానికి క్యాన్సర్‌తో సంబంధం ఉందనడానికి సాక్ష్యం ఎంత గట్టిదో ఆ జాబితా చెబుతుంది. ఎంత తింటే ఎంత ముప్పో చెప్పదు. ఆ రెంటికీ తేడా తెలిసిన సబ్ ఎడిటర్ ఒక్కరున్నా చాలు, మా ఇంట్లో ఆ వారం అంత రభస జరిగేది కాదు.

ఇక వీటివల్ల మా జిల్లాల్లో ఏం జరుగుతోందో చెబుతాను. ఇవన్నీ నేను చూసినవి, ఆసుపత్రి వరండాల్లో పక్కన కూర్చున్నవాళ్ల నోట విన్నవి.

1. పరీక్షకే రావడం లేదు. "సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది" అన్న వీడియో చూసి ముక్క పరీక్ష (బయాప్సీ) వద్దని వెళ్లిపోయిన ఒకావిడ నాకు విశాఖలో తారసపడింది. పలాస వైపు మనిషి, జీడిపప్పు కార్ఖానాలో పని. అప్పట్లో గోలీ అంత ఉన్న గడ్డ, మళ్లీ వచ్చేసరికి చంకలోకి వెళ్లింది. సూదితో ముక్క తీయడం వల్ల జబ్బు అలా పాకదని ఏ క్యాన్సర్ డాక్టరును అడిగినా చెబుతారు. అసలు గడ్డ ఏ రకమో తెలియకుండా ఏ మందు ఇవ్వాలో కూడా తేలదు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సరే కాదు. ఈ ఒక్క ముక్క మీ కథనాల్లో ఎన్నిసార్లు చదివామో మీరే చెప్పండి.

2. వచ్చినవాళ్లు మధ్యలో మానేస్తున్నారు. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ తన భార్యకు నాలుగో దశ క్యాన్సర్ నయమైందని, వేపాకు, పసుపు, నిమ్మరసం, చక్కెర మానేయడం లాంటి ఆహార నియమాలే 40 రోజుల్లో పనిచేశాయని విలేకరుల సమావేశంలో చెప్పారు. ఆమెకు ఆపరేషన్, కీమో జరిగాయన్న సంగతి వెనక్కి పోయి, వేపాకు ముందుకొచ్చింది. టాటా మెమోరియల్‌ క్యాన్సర్ ఆసుపత్రికి చెందిన ప్రస్తుత, పూర్వ క్యాన్సర్ వైద్యులు 262 మంది సంతకాలు చేసి, దీనికి రుజువు లేదు, దీన్ని నమ్మి వైద్యం ఆలస్యం చేయొద్దని రెండు రోజుల్లోనే ప్రకటన ఇచ్చారు. మొదటి వార్త మా ఫ్యామిలీ గ్రూపులోకి అయిదారు ఛానళ్ల క్లిప్పులుగా వచ్చింది. రెండోది నేను వెతికి చదువుకోవాల్సి వచ్చింది. కీమో అంటే మనిషి పీనుగైపోవడమే అన్నట్టు మీరు ముందే చూపించి ఉన్నారు గనుక, వేపాకుతో పోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు? ఒకపక్క వైద్యం మీద భయం పెట్టి, ఇంకోపక్క చిట్కా మీద ఆశ పెడుతున్నారు. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. రానూ పోనూ ఖర్చు, కూలీ పోయిన రోజు, వెంట వచ్చే మనిషి... ఇన్ని తట్టుకుని మూడో కీమోకి బయల్దేరాల్సిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడానికి ఆ ఒక్క క్లిప్పు సరిపోతుంది.

3. అప్పులు. "గ్యారంటీగా తగ్గిస్తాం" అనే పొడులు, పసరు మందులు, ఉదయం పూట అరగంట కార్యక్రమాల్లో డాక్టరు కోటు వేసుకుని మాట్లాడే మనుషులు. కింద చిన్న అక్షరాల్లో "ప్రకటన" అని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. క్యాన్సర్‌ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అదే సమయంలో, ప్రభుత్వ పథకంలో ఈ జబ్బుకి ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉచితంగా దొరుకుతాయన్న సంగతి తెలియక పుస్తెలతాడు తాకట్టు పెట్టినవాళ్లున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మార్చినప్పుడు మీరు వారం రోజులు చర్చలు పెట్టారు. అందులో రొమ్ము క్యాన్సర్‌కి ఏమేం వస్తాయో చెప్పే కార్యక్రమం నాకు కనబడలేదు.

4. సంబంధాలు. తల్లికి ఈ జబ్బు ఉందంటే కూతురికి సంబంధాలు వెనక్కి వెళ్లడం మా వైపు ఉంది. ఇది వంశపారంపర్యంగా వచ్చేది పదిమందిలో సుమారు ఒకరికే. "అమ్మకు వస్తే కూతురికి తప్పదా?" అని ప్రశ్నార్థకం పెట్టి మీరు వదిలేస్తారు. ఆ ప్రశ్నార్థకం మా ఇళ్ల గుమ్మాల్లో తిష్ఠ వేస్తుంది. మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం విషయంలో ఇది ఒకసారి అనుభవించాం. మీరు రాయబట్టే అక్కడి కిడ్నీ జబ్బు సంగతి దేశానికి తెలిసింది, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, అందుకు కృతజ్ఞతలు. కానీ "ఉద్దానం అంటే కిడ్నీ" అని ముద్ర వేసేసరికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలకూ పెళ్లిళ్లు కుదరని పరిస్థితి వచ్చింది. అప్పుడది ఊరి మీద వేశారు, ఇప్పుడు ఇంటి మీద వేస్తున్నారు.

5. పిల్లలు వింటున్నారు. మా పాప ఇంటర్ చదువుతోంది. నా ముందు టీవీ పెట్టదు, నేను లేనప్పుడు ఫోన్లో చూస్తుంది. చూసి నాతో ఏమీ అనదు.

6. ఆసుపత్రి హాల్లో టీవీలు. దీనికి మీరొక్కరే బాధ్యులు కారు, ఆసుపత్రుల వాళ్లు కూడా ఈ లేఖ చదివితే బాగుండును. కీమో కోసం వరుసలో కూర్చున్న ఆడవాళ్ల ఎదురుగా న్యూస్ ఛానల్ పెడతారు. ఎవరో నటి మరణవార్త, దాని వెనక డప్పుల మోత. పక్కనున్న పెద్దావిడ నన్నడిగింది: "ఏటమ్మా, దీనికి మందు నేదంట కదా, టీవీలో సెప్తన్నారు." ఆవిడ చేతికి అప్పటికే సెలైన్ పెట్టి ఉంది.

నటి అంటే గుర్తొచ్చింది. 2024 ఫిబ్రవరి 2న ఒక బాలీవుడ్ నటి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిందని రోజంతా వేశారు. మర్నాడు ఆమే వీడియోలో కనబడి బతికే ఉన్నానంది. శవం ఎక్కడుందని, ఏ ఆసుపత్రి అని, ఏ డాక్టరని ఎవరూ అడగలేదు. క్యాన్సర్ అన్నారంటే చాలు, చావు ఖాయమని మీరే నమ్మేశారు. ఆమెది తప్పే, మీది తప్పు కాదా?

నాలాంటివాళ్లు మీ పాఠకుల్లో ఉంటారు గనుక, ఈ టెన్షన్‌తో ఎలా నెట్టుకొస్తున్నానో కూడా చెబుతాను. జబ్బు బయటపడిన కొత్తలో ఫోన్లో ఒక్క వీడియో చూస్తే దాని వెంట అలాంటివే పది వచ్చేవి, అర్ధరాత్రి దాకా చూసేదాన్ని. తర్వాత ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఏ వార్త భయపెట్టినా నాలుగు ప్రశ్నలు రాస్తాను: ఇది నా రకం క్యాన్సర్ గురించేనా? నా దశ గురించేనా? మనుషుల మీద చూశారా, ఎలుకల మీదా? చెప్పింది ఎవరు, ఏమైనా అమ్ముతున్నారా? రొమ్ము క్యాన్సర్ అంతా ఒకటి కాదు. హార్మోన్లతో పెరిగేది (హార్మోన్ పాజిటివ్) వేరు, హర్ టూ అనే ప్రొటీన్ ఎక్కువున్నది (హర్ టూ పాజిటివ్) వేరు, రెండు హార్మోన్ల పరీక్షలూ హర్ టూ పరీక్షా మూడూ నెగెటివ్ వచ్చేది వేరు, మందులూ వేరే. చాలా వార్తలు మొదటి రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే ఆ వివరాలు వార్తలో ఉండవు. మిగిలినవి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అడుగుతాను. ఆయనకు టైము తక్కువ, అందుకే రెండుకు మించి అడగను. ఫ్యామిలీ గ్రూపులో మా ఆయన ఒక మెసేజ్ పెట్టారు, క్యాన్సర్ వార్త ఏదైనా ముందు తనకే పంపమని. మా మరిదికి కోపం వచ్చింది. "వదిన మంచికే కదా పంపాను" అన్నాడు. మంచికే, కాదనను. మరీ గుండె దడగా ఉన్న రోజుల్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416కి చేయొచ్చు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇవన్నీ చదువుకున్నదాన్ని, జీతం వచ్చేదాన్ని గనుక చేయగలిగాను. చదవడం రాని ఆవిడకు టీవీలో చెప్పిందే వేదం. అందుకే మీ ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను.

1. రొమ్ము క్యాన్సర్‌తో ఒకరు చనిపోయారని రాసేటప్పుడు ఏ దశలో బయటపడింది, ఏ రకం, చికిత్స ఎలా జరిగింది అన్నవి ఆ కుటుంబం చెప్పడానికి ఇష్టపడితే రాయండి. వాళ్లకు ఇష్టం లేకపోతే, ఒక్కరికి జరిగింది అందరికీ జరగదన్న వాక్యం ఒకటి కలపండి.

2. శాతం చెబితే, వందమందిలో ఎంతమందికి ఎంత పెరిగిందో కూడా చెప్పండి. మరణాలు చెబితే మనుగడ కూడా చెప్పండి, దశల వారీగా.

3. ఎలుకల మీద జరిగిన పరిశోధనైతే "ఎలుకల్లో" అన్న మాట హెడ్డింగ్‌లోనే ఉండాలి.

4. ప్రముఖులు ఎవరైనా చిట్కాతో తగ్గిందంటే, అదే బులెటిన్‌లో క్యాన్సర్ డాక్టరు మాట ఉండాలి. డాక్టరు దొరక్కపోతే వార్త ఆగాలి. ఒక పూట ఆలస్యమైతే ఎవరి ప్రాణమూ పోదు.

5. మహమ్మారి, మృత్యుఘంట, కబళించింది, పొట్టన పెట్టుకుంది లాంటి మాటలూ, ఏడుపు సంగీతమూ, గుండుతో ఉన్న ఆడవాళ్ల బొమ్మలూ ఆపండి. మా గుండు కూడా కొన్ని నెలలే. జుట్టు మళ్లీ వస్తుంది.

6. క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలు, డబ్బు తీసుకుని వేసే "ఆరోగ్య కార్యక్రమాలు" పూర్తిగా మానేయండి. ఇది వేడుకోలు కాదు, చట్టమే చెబుతోంది. యూట్యూబ్ వాళ్లకు కూడా ఇదే మాట.

7. తప్పు దొర్లితే, ఆ తప్పు ఎంత పెద్ద అక్షరాల్లో వచ్చిందో సవరణ కూడా అంత పెద్దగా, అదే చోట, అదే సమయంలో రావాలి.

8. ప్రతి కథనం చివర మూడు సంగతులు ఉంచండి: 30 ఏళ్లు దాటిన స్త్రీలు రొమ్ము పరీక్ష కోసం ముందుగా ఊళ్లోని ఏఎన్ఎంను కలవచ్చని, చికిత్స ప్రభుత్వ పథకంలో ఉందని, మనసు కుంగితే ఫోన్ చేయాల్సిన నంబరు. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉందన్న సంగతి కూడా మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకా తెలియనివాళ్లు ఎందరో.

9. జిల్లా విలేకరులకు తప్పంతా అంటగట్టొద్దు. వాళ్లు పంపిన నాలుగు లైన్లకు హెడ్డింగ్ పెట్టేది ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కే. డెస్కులో పనిచేసేవారికి క్యాన్సర్ వైద్యులతో ఏడాదికి ఒక రోజైనా తరగతి పెట్టించండి. అంకెల పాఠం చెప్పమంటే నేనే వస్తాను, దారి ఖర్చులు కూడా అడగను.

ఈ లేఖకు జవాబు వస్తుందనే అనుకుంటున్నాను. రాకపోతే ఏం చేయాలో కూడా చదివి పెట్టుకున్నాను. 2021లో సవరించిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు ఛానల్ 24 గంటల్లో రసీదు ఇవ్వాలి, 15 రోజుల్లో తేల్చి చెప్పాలి. తేల్చకపోతే ఛానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు, అక్కడా కాకపోతే కేంద్ర ప్రభుత్వానికి వెళ్లవచ్చు. పత్రికల మీద ప్రెస్ కౌన్సిల్‌కు రాయవచ్చు. మ్యాజిక్ రెమెడీస్ ప్రకటనల క్లిప్పులు తేదీ, సమయం వేసి దాస్తున్నాం. ఈసారి ఫిర్యాదు ఆ దారిలోనే వస్తుంది.

ఈ లేఖను చదివి ఒప్పుకున్న ఆడవాళ్లు నాతో పాటు ఇంకొందరు ఉన్నారు. సంతకం పెట్టడానికి సిద్ధమే గాని పేర్లు వద్దన్నారు. కొందరి ఇళ్లలో పెళ్లి సంబంధాలు నడుస్తున్నాయి. ఒకావిడ జబ్బు సంగతి అత్తగారికే ఇంకా తెలియదు. అందుకని ఊళ్ల పేర్లే రాస్తున్నాం.

ఇట్లు,
చికిత్సలో ఉన్న, చికిత్స పూర్తయిన కొందరు మహిళలు
నరసన్నపేట, ఆమదాలవలస, పలాస, సోంపేట, రాజాం, చీపురుపల్లి